అద్దె పుస్తకాల కొట్టు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు నెల కిందట ఫోన్ చేసి, "స్వర్ణోత్సవంలో నువ్వొక ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. "ముప్పై ఎనిమిదేళ్ళు బ్యాంకులో పద్దులు చూసుకున్నవాణ్ణి, నేనేం మాట్లాడతాను?" అన్నాను. "మీ నాన్నగారి కొట్టు గురించి మాట్లాడు. మా అందరికీ నీ పేరు కన్నా అదే ఎక్కువ గుర్తు" అన్నారు. అది నిజమే. ఇందాక గేటు దగ్గర ఒకాయన నన్ను చూసి, పేరు గుర్తు రాక, "నువ్వు అద్దె పుస్తకాల కొట్టు అబ్బాయివి కదూ!" అన్నారు. ఆ మాట యాభై ఏళ్ళ కిందట వింటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఇవాళ సంతోషంగా ఉంది. మధ్యలో ఏం జరిగిందో చెప్పడానికే వచ్చాను.

చిన్నవాళ్ళ కోసం ముందు ఆ కొట్టు ఎలా ఉండేదో చెబుతాను. మన బడి గేటు దాటి ఎడమవైపు వెళితే సైకిలు షాపు, సోడా కొట్టు, ఆ రెంటి మధ్య ఎనిమిదడుగుల వెడల్పు గది. 1964లో మా నాన్న అక్కడ అద్దె లైబ్రరీ పెట్టారు. అంతకు ముందు ఆయన విజయవాడలో ఒక ప్రెస్సులో బైండరు. చదువు అయిదో తరగతి. ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా, మళ్ళీ నాలుగు నుంచి రాత్రి తొమ్మిది దాకా కొట్టు తీసి ఉండేది. డిపాజిట్టు అయిదు రూపాయలు. పుస్తకం అద్దె రోజుకి పది పైసలు. కొత్తగా వచ్చిన నవల అయితే పదిహేను.

ఈ పది పైసల వ్యాపారం ఎలా నడిచేదో లెక్క చెబుతాను, బ్యాంకు బుద్ధి పోలేదు కాబట్టి. అయిదు రూపాయలు పెట్టి నవల కొంటే, ఒక ఇంట్లో రెండు రోజులు ఉంటే ఇరవై పైసలు వస్తాయి. అంటే పాతిక ఇళ్ళు తిరిగితేగాని అసలు రాదు. మామూలు పాకెట్ పుస్తకం పది ఇళ్ళు తిరిగేసరికి ఆకులు రాలిన చెట్టులా అయిపోతుంది. అందుకని పుస్తకం కొనగానే నాన్న చేసే మొదటి పని దాన్ని విప్పడం. ముఖచిత్రం జాగ్రత్తగా ఊడదీసి పక్కన పెట్టేవారు. వెన్ను పక్కన మూడు చోట్ల సూదితో పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టేవారు. దళసరి అట్టలు వేసి, వెన్నుకి కాలికో గుడ్డ అంటించి, ఆ ముఖచిత్రాన్ని మళ్ళీ పైన అతికించేవారు. మైదా పిండిలో మైలుతుత్తం కలిపి ఉడికించిన జిగురు అది. పురుగు పట్టదు. ఆ వాసన ఇప్పుడు తలుచుకున్నా నాకు మా ఇల్లు గుర్తొస్తుంది. అలా కట్టిన పుస్తకం వంద ఇళ్ళు తిరిగినా చెక్కుచెదిరేది కాదు. మొదటి పాతిక ఇళ్ళు పబ్లిషరువి, మిగతా డెబ్బయి అయిదు మా అన్నం.

ఇది మా నాన్న కనిపెట్టిన వ్యాపారం కాదు. లండనులో చార్లెస్ మూడీ అనే ఆయన 1842 నుంచి పుస్తకాలు అద్దెకిచ్చాడు. ఆ రోజుల్లో అక్కడ నవల అంటే మూడు సంపుటాలు, ధర గిన్నీన్నర. మూడీ లైబ్రరీకి ఏడాది చందా ఒక్క గిన్నీ. ఒక్క నవల కొనే డబ్బు కన్నా తక్కువకి ఏడాది పొడుగునా చదువుకోవచ్చన్నమాట. అందుకే జనం కొనడం మానేసి అద్దెకి తెచ్చుకున్నారు. మూడీ ఒక్కో నవల వందల ప్రతులు కొనేవాడు కాబట్టి, ఆయన కొంటాడా లేదా అన్నదాన్ని బట్టి పబ్లిషర్లు నవలలు వేసేవారు. చివరికి 1894లో, సంపుటానికి నాలుగు షిల్లింగుల కన్నా ఎక్కువ ఇవ్వమని పెద్ద అద్దె లైబ్రరీలు తేల్చి చెప్పేసరికి, కొద్ది ఏళ్ళలో మూడు సంపుటాల నవలే అంతరించిపోయింది. పుస్తకం ఎంత లావుండాలో కూడా అద్దెకిచ్చేవాడే నిర్ణయించాడు.

మన దగ్గర కథ వేరుగా మొదలైంది. మనవాళ్ళకి గ్రంథాలయం అంటే వ్యాపారం కాదు, ఉద్యమం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1914లో అదే ఊళ్ళో మొదటి గ్రంథాలయ మహాసభ, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం. అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్ళు దానికే జీవితం ధారపోశారు. మన కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. తర్వాత చట్టాలు వచ్చాయి. ఇంటిపన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం.

ఆ మహానుభావులు జనానికి జ్ఞానం ఇవ్వాలనుకున్నారు. అయితే రోజంతా పనిచేసి వచ్చిన మనిషి కథ కూడా అడుగుతాడు. ఆ కథలు ఇంకో దారిన వచ్చాయి. 1930ల నుంచి కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారు చిన్న చిన్న నవలలు రాశారు. ఒకటీ రెండూ కాదు, వెయ్యి నవలల కొవ్వలి అని పేరు. రైల్వే స్టేషన్లలో అణాల ధరకి అమ్ముడుపోయేవి. రైలు ఎక్కినప్పుడు కొని, దిగేలోపు పూర్తిచేసేవారు. జంపన చంద్రశేఖరరావు గారిదీ అదే బాట. కొవ్వలి నవలలు చదవడానికే అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళున్నారని మా నాయనమ్మ చెప్పేది. ఆవిడ కూడా వాళ్ళలో ఒకరు.

తర్వాత డిటెక్టివులు వచ్చారు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ గార్ల నవలలు. సమగ్రాంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్ర గారంతటి వారు కూడా డిటెక్టివ్ నవలలు రాశారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా తర్వాతి తరానికి మధుబాబు గారి షాడో. ఇవన్నీ జేబులో పట్టే సైజు, పల్చటి కాగితం, కళ్ళు చెదిరే ముఖచిత్రం. మచిలీపట్నం నుంచి ఎం. శేషాచలం అండ్ కంపెనీ వారు, అంటే మన ఎమెస్కో వారు, ఈ పాకెట్ సైజుకి గౌరవం తెచ్చారు. ఇంటింటా సొంత గ్రంథాలయం ఉండాలన్నారు. సాంఘిక నవలలు వేసిన ఆ సైజులోనే సంప్రదాయ సాహితి పేరుతో ప్రబంధాలు కూడా వేశారు. మా కొట్లో యుగంధర్ పక్కనే వసుచరిత్ర ఉండేది. అద్దెకి ఎవరూ తీసుకోరని తెలిసినా నాన్న కొన్నారు. "ఉండనీరా, కొట్టుకి అందం" అనేవారు.

అసలైన వరద మాత్రం వారపత్రికలతో వచ్చింది. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికల్లో సీరియల్ వస్తుంది. వారం వారం ఊరంతా ఎదురుచూస్తుంది. పూర్తవగానే పుస్తకం అవుతుంది. పుస్తకం ఊళ్ళు తిరిగితే సినిమా అవుతుంది. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' అలాగే 'డాక్టర్ చక్రవర్తి' అయింది. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' నవల మా కొట్లో మూడు కాపీలుండేవి. మూడూ ఎప్పుడూ బయటే. 1976లో ఆ సినిమా వచ్చాక నాలుగోది కొనాల్సి వచ్చింది. రంగనాయకమ్మ గారు, మాదిరెడ్డి సులోచన గారు, ద్వివేదుల విశాలాక్షి గారు. ఆడవాళ్ళు రాసింది ఆడవాళ్ళు చదువుతున్నారని తెలిశాక, కొందరు మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. తర్వాత యండమూరి, మల్లాది రాజ్యం. 'తులసిదళం' ఆంధ్రభూమి వీక్లీలో వస్తున్నప్పుడు కొట్టు తీయకముందే బయట జనం నిలబడేవారు. అలా సీరియల్ వచ్చినప్పుడల్లా ఆ కాగితాలు విప్పి, ఒక్కచోట కుట్టి, పుస్తకంలా బైండు చేసేవారు నాన్న. కొన్ని సీరియల్స్ పుస్తకాలుగా ఎన్నడూ రాలేదు. మా కొట్లోని ఆ బైండింగే వాటికి పుస్తక రూపం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

నెలకోసారి నాన్న పొద్దున్నే పాసింజరు ఎక్కి విజయవాడ వెళ్ళేవారు. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులన్నీ తిరిగి సాయంత్రానికి రెండు సంచులతో దిగేవారు. పబ్లిషర్లకి మాలాంటి కొట్లే పెద్ద ఖాతాదారులు. ఆ రోజుల్లో నవల కొని చదివేవాళ్ళ కంటే అద్దెకి చదివేవాళ్ళే ఎక్కువ. మన ఊరు లాంటి ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి కొట్టు ఒకటో రెండో ఉండేవి. రచయితలకి డబ్బు వచ్చిందన్నా, పబ్లిషరు రెండో ముద్రణ వేశాడన్నా, వెనక ఈ పది పైసలున్నాయి.

ఇక నా సంగతి. ఏడో తరగతి నుంచి నేను ఆ కొట్టుకి సైకిలు బంట్రోతుని. ఇంట్లోంచి బయటికి రాని ఆడవాళ్ళకి పుస్తకాలు తీసుకెళ్ళి ఇచ్చి, పాతవి తీసుకురావాలి. ఆ సంచీతో వీధులు తిరిగినప్పుడు నేను చూసింది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. కాలవ గట్టున ఇడ్లీలు అమ్మే ఒకమ్మ ఉండేది. మూడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఒక రోజు నన్ను ఆపి, "బాబూ, బొమ్మలో చీర బాగుంది, ఆ పుస్తకం ఇస్తావా?" అంది. ఆ మొదటి నవల చదవడానికి ఆమెకి ఇరవై రోజులు పట్టింది. నాన్న మూడు రోజుల అద్దే తీసుకున్నారు. "కూడబలుక్కుని చదివినవాళ్ళ దగ్గర రోజులు లెక్కపెట్టకూడదు" అన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆమె తనకి కావలసిన పుస్తకాల పేర్లు చీటీ మీద తనే రాసి పంపేది. ఒత్తులు తప్పేవి. పేర్లు మాత్రం తప్పేవి కావు.

ఇలాంటి కొట్టుని చూసి నేను గర్వపడాలి. పడలేదు. కారణం ఈ ఆవరణలోనే జరిగింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మా క్లాసులో ఒకడు సోషలు పుస్తకం మధ్యలో యుగంధర్ నవల పెట్టుకుని చదువుతూ దొరికిపోయాడు. మాస్టారు పుస్తకం లాక్కుని, వెనక అట్ట మీద స్టాంపు చూశారు. క్లాసంతా నావైపు చూసింది. మర్నాడు ప్రార్థన సమయంలో నన్ను ముందుకి పిలిచి నిలబెట్టారు. "మేం ఇక్కడ బాగు చేస్తుంటే, గేటు పక్కన వీళ్ళ నాన్న చెడగొడుతున్నాడు" అన్నారు. అయిదొందల మంది పిల్లల ముందు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా ఏళ్ళు వినిపించింది.

ఆ మాస్టారి పేరు చెప్పను. ఆయన ఇప్పుడు లేరు. గొప్పగా పాఠం చెప్పేవారు. ఆయన భయంలో నిజం లేదని కూడా అనను. పరీక్షల ముందు పిల్లలు నవలల్లో పడి చదువు పాడుచేసుకోవడం నాకూ తెలుసు. నాన్నకీ తెలుసు. అందుకే ఫిబ్రవరి వస్తే నిక్కర్లు వేసుకున్నవాళ్ళకి డిటెక్టివులు ఇచ్చేవారు కాదు. నాన్న మర్నాడు బడికి వచ్చి మాస్టారికి నమస్కారం పెట్టి, ఏమీ వాదించకుండా వెళ్ళిపోయారు. నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ఆ రోజు నుంచి సంచీ పట్టుకుని తిరగనన్నాను. గుంటూరులో కాలేజీలో చేరాక మా నాన్నది బుక్ బిజినెస్ అని చెప్పుకున్నాను. బైండింగు జిగురు వాసన వస్తుందేమోనని చొక్కాలు విడిగా ఉతికించుకున్నాను.

1982లో నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. కొట్టు అప్పటికి మంచి ఊపులో ఉంది. తర్వాత నెమ్మదిగా తగ్గింది. వీడియో క్యాసెట్ల షాపులు వచ్చాయి. పుస్తకం ధర అయిదు నుంచి పాతిక, పాతిక నుంచి యాభై అయింది. అద్దె అలా పెంచితే ఎవరూ రారు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా కొట్లో నాన్న ఒక్కరే కూర్చునేవారు. వారం వారం ఎదురుచూసే సీరియల్ రోజూ ఇంట్లోకే వచ్చేసింది. 1998లో కొట్టు మూసేశారు. దాదాపు నాలుగు వేల పుస్తకాలు ఇంటి వరండాలోకి చేరాయి.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ మరుసటి ఏడాది నేను సెలవు మీద వచ్చి, ఇల్లు ఇరుకైపోయిందని, చెదలు పడతాయని, పాత కాగితాల వాణ్ణి పిలిచాను. కిలో రెండున్నర. అట్టలు బరువు ఎక్కువ కాబట్టి అవి కోసి పక్కన పడేసి, కాగితాలే తూస్తానన్నాడు వాడు. ఆ కత్తితో, నాన్న వేసిన కుట్లు కోసుకుంటూ పోయాడు. నాన్న వాలుకుర్చీలో కూర్చుని చూశారు. ఒక్క మాట అన్నారు. "ఆ సీరియల్ బైండింగులు మాత్రం ఉంచరా." "ఎక్కడ పెడతాం నాన్నా?" అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. రెండేళ్ళ తర్వాత పోయారు.

అప్పుడు నేను చేసింది ఏమిటో నాకు రిటైరయ్యాక తెలిసింది. పాత డిటెక్టివ్ నవలల మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి, ఎవరో చెప్పగా, మా ఇంటికి వచ్చింది. కొన్ని సీరియల్స్ పేర్లు చెప్పి, "మీ దగ్గర ఉండొచ్చన్నారండీ" అంది. ఆమె చెప్పిన వాటిలో రెండు నాకు బాగా గుర్తు. నా చేత్తో నేనే జిగురు రాశాను వాటికి. లేవని చెప్పాను. "లైబ్రరీల్లో దొరకవా అమ్మా?" అని అడిగాను.

ఎందుకు దొరకవో ఆ అమ్మాయి చెప్పింది. అచ్చయిన ప్రతి పుస్తకం కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మద్రాసు కన్నెమరా లాంటి లైబ్రరీలకి పంపాలని 1954లోనే చట్టం ఉంది. రెండు గదుల్లో ప్రెస్సు పెట్టి డిటెక్టివ్ నవలలు వేసిన చిన్న పబ్లిషర్లలో చాలామంది పంపలేదు. ప్రభుత్వ గ్రంథాలయాలు అలాంటి పుస్తకాలు కొనడం తక్కువ. పండితులు వాటిని సాహిత్యం అనలేదు కాబట్టి దాచలేదు. చదివినవాళ్ళు కొనుక్కోలేదు, అద్దెకి తెచ్చుకున్నారు కాబట్టి ఇళ్ళల్లో లేవు. అవి ఉన్నది ఒక్క చోటే, అద్దె కొట్లలో. ఆ కొట్లు మూతపడ్డప్పుడు నాలాంటి కొడుకులు వాటిని తూకానికి వేశారు.

ఎవరూ చదవని పుస్తకం బీరువాలో భద్రంగా ఉంది. ఊరంతా చదివిన పుస్తకం చిరిగి, అరిగి, మాయమైపోయింది. మన ముందు తరం సాయంత్రాలు ఎలా గడిపింది, ఏం చదివి ఏడ్చింది, ఏం చదివి భయపడింది, ఏ కథలోని మాటల్ని తన మాటలుగా చేసుకుంది అని రేపు ఎవరైనా అడిగితే, చూపించడానికి కాగితం లేదు. ఆ పుస్తకాలన్నీ గొప్పవని నేననను. చాలా వాటిలో ఒకే కథ తిరిగి తిరిగి వచ్చేది. కానీ గొప్పదా కాదా అని తేల్చడానికైనా పుస్తకం ఉండాలి కదా!

ఆ అమ్మాయి వెళ్ళాక నేను మా అమ్మ ట్రంకు పెట్టె తెరిచాను. అందులో నాన్న చిట్టా పుస్తకాలు మూడు దొరికాయి. కాగితాల వాడు వచ్చిన రోజు అమ్మ చీరల కింద దాచిందట. పొడుగు పుస్తకాలు. ఇంటి నంబరు, పుస్తకం నంబరు, వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ. ఇరవై ఎనిమిదేళ్ళ పద్దులు. బ్యాంకులో అంత శుభ్రమైన లెడ్జరు నేను చూడలేదు. వెనక కాగితాల్లో నంబర్ల వారీగా పుస్తకాల జాబితా.

ఆ చిట్టాలు చదువుతుంటే ఊరే కనిపించింది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. తర్వాత ఎనిమిది రోజులు ఒక్క పద్దు లేదు. తొమ్మిదో రోజు పదకొండు పుస్తకాలు వెళ్ళాయి. ఆ వారం తిరిగి వచ్చిన వాటి పక్కన 'తడిసింది, వదిలేశాను' అని వరసగా రాసుంది. ఇడ్లీలమ్మే అమ్మ పద్దు 1971 నుంచి 1990 దాకా ఉంది. లెక్కపెట్టాను. తొమ్మిది వందల పైచిలుకు పుస్తకాలు. మూడో తరగతి చదివిన మనిషి!

ఇంకో పద్దు కోసం వెతికాను. 1973లో నన్ను ప్రార్థనలో నిలబెట్టిన తేదీ నాకు కంఠతా వచ్చు. ఆ రోజు పుస్తకం నంబరు పక్కన నాన్న, 'మాస్టారి దగ్గర ఉంది' అని రాశారు. జరిమానా గడి ఖాళీ. పద్దెనిమిది రోజుల తర్వాత, అదే వరసలో ఇంకో సిరాతో, 'వచ్చింది. 214 ఇచ్చాను' అని ఉంది. 214 ఏమిటా అని వెనక జాబితా చూశాను. అది కూడా యుగంధర్ నవలే. అక్కణ్ణుంచి ఆ మాస్టారి ఇంటికి, ఆయన బదిలీ అయి వెళ్ళేదాకా, వారానికి రెండు పుస్తకాలు వెళ్ళాయి.

మీరు నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. తర్వాత చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఈ సంగతి నాన్న నాకు చెబితే నా అవమానం ఆ రోజే పోయేది. ఆయన చెప్పలేదు. ఎవరింట్లో ఎవరు ఏం చదువుతున్నారో ఇంకొకరికి చెప్పకూడదన్నది ఆయన కొట్టు నియమం. కొడుక్కి కూడా చెప్పలేదు. మాస్టారికి మాట రాకుండా కాపాడారు. నేను అందరి ముందు చెబుతున్నాను కాబట్టి నియమం తప్పుతున్నాను. అందుకే పేరు చెప్పలేదు.

బడికీ ఆ కొట్టుకీ పడదని మేమంతా అనుకున్నాం. నిజానికి ఇక్కడ అక్షరం నేర్చుకున్నాం, అక్కడ చదవడం అలవాటు చేసుకున్నాం. ఈ బడికి రాలేనివాళ్ళకి ఆ కొట్టే రెండూ నేర్పింది.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి. మీ ఇళ్ళల్లో, అటకల మీద, అమ్మల పెట్టెల్లో పాత పాకెట్ నవలలు, వారపత్రికల్లోంచి తీసి కుట్టుకున్న సీరియల్స్ ఏమైనా ఉంటే, దయచేసి తూకానికి వేయకండి. అట్ట లేకపోయినా, చివరి పేజీలు పోయినా సరే, మన బడి గ్రంథాలయానికి ఇవ్వండి. హెడ్మాస్టరు గారు ఒక బీరువా ఇస్తామన్నారు. స్కాను చేయించే ఖర్చు మా 1975 బ్యాచ్ భరిస్తుంది. బైండింగు నేను చేస్తాను. చెయ్యి ఇంకా మరిచిపోలేదు. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం ఇక్కడ జిగురు గిన్నెతో కూర్చుంటాను.

రెండు. ఇప్పటి ఉపాధ్యాయులకు ఒక మనవి. గ్రంథాలయం బీరువాలకి తాళాలు తీసి ఉంచండి. పిల్లలు వాళ్ళకి నచ్చింది వాళ్ళే ఎంచుకోనివ్వండి. భూతాల కథ కానీ, డిటెక్టివ్ కథ కానీ, ముందు ఒక పుస్తకం చివరిదాకా చదవనివ్వండి. వసుచరిత్ర పక్క అరలోనే ఉంటుంది. ఒక రోజు అటూ చెయ్యి వెళుతుంది. ఎలా తెలుసంటే, మా కొట్లో ఆ వసుచరిత్ర రెండుసార్లు అద్దెకి వెళ్ళింది. పద్దు ఉంది.

మూడు. నాన్న చిట్టా పుస్తకాలు మూడూ ఇవాళ మన బడికి ఇచ్చేస్తున్నాను. ఇళ్ళ నంబర్లు ఉన్న కాలమ్ మీద కాగితం అతికించాను, ఆయన నియమం కోసం. వాటి ప్రకారం తిరిగి రావలసిన పుస్తకాలు ఇంకా నూట ముప్పై ఏడు ఉన్నాయి. వాటిలో కొన్ని ఈ హాల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళల్లోనే ఉండొచ్చు. జరిమానా మాఫీ. డిపాజిట్టు అయిదు రూపాయలు నేను తిరిగి ఇస్తాను. పుస్తకం తీసుకొచ్చి ఇవ్వండి చాలు.